తూర్పుకి ఎత్తిపట్టిన ఫిల్ము

విశాఖపట్నం,
7 ఆగస్టు 2005.

పిన్నికి, బాబాయికి వందనాలు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని తిట్టుకోకండి. మనింట్లో ఫోను అమ్మమ్మ మంచం పక్కనే కదా. మీరు "ఊఁ" అంటే చాలు, "ఏమంటోంది, తిందా, ఏడుస్తోందా" అని ఆవిడ అడ్డం వచ్చేస్తుంది. అందుకే మీ స్కూలు అడ్రసుకి రాస్తున్నాను.

రేడియాలజీలో చేరి రెండు నెలలు దాటింది. "హాయిగా కూర్చుని ఫోటోలు చూసుకునే పని" అన్నారు అందరూ. కూర్చోవడం మాట ఒట్టి అబద్ధం. మొదటి ఏడాది వాళ్ళం రోజంతా నిలబడే ఉంటాం. పొద్దున స్కానింగు గది దగ్గర సీనియర్ల వెనకాల, మధ్యాహ్నం కడుపు ఎక్స్‌రే కోసం బేరియం తాగించిన వాళ్ళని అటూ ఇటూ తిప్పుతూ. సాయంత్రం మా ప్రొఫెసరు శేషగిరిరావు గారి క్లాసు. తలుపులు మూసి, లైట్లు ఆర్పి, వెలుగుతున్న పెట్టె మీద ఒక ఫిల్ము తగిలిస్తారు. ఎవరిదో చెప్పరు. "ఏం కనిపిస్తోందమ్మా?" అంటారు. మొదటిరోజు నేను హుషారుగా "న్యుమోనియా సార్" అన్నాను. ఆయన జేబులోంచి అట్టముక్క తీసి ఆ న్యుమోనియాని మూసేశారు. "అది దొంగది. కళ్ళని తనవైపు లాగేసుకుంటుంది. అది లేదనుకుని చెప్పు. ఎవరీ మనిషి? ఆడా, మగా? వయసెంత?" అన్నారు. మా చదువంతా ఇదే పిన్నీ. జబ్బుని మూసేసి మనిషిని చూడటం.

ఇంకో సంగతి. నాకీమధ్య మొహాలు గుర్తుండటం లేదు. క్యాంటీన్లో టీ ఇచ్చేవాడి మెడకింద ఎముకలు కనిపిస్తాయి, మొహం కనిపించదు. డార్క్ రూములో ఎర్ర దీపం కింద ఫిల్మును మందునీళ్ళలో ముంచితే ముందు ఏమీ ఉండదు. కాసేపటికి అందులోంచి మనిషి పైకి తేలతాడు. అక్కడ పనిచేసే పాండురంగారావు గారు కూనిరాగం తీసుకుంటూనే ఆ పని చేస్తారు. నేను మాత్రం ప్రతిసారీ ఎవరు తేలతారోనని వంగి చూస్తూ ఉంటాను.

ఇవేవీ అమ్మమ్మకి చెప్పకండి. బాగా తింటున్నానని చెప్పండి.

మీ జ్యోత్స్న

*

మండవల్లి,
20 ఆగస్టు 2005.

జ్యోత్స్నకి ప్రసన్న పిన్ని దీవించి రాసేది.

బస్సుల్లోనూ క్యాంటీన్లలోనూ జనం ఎముకలు చూడటం మాని, వేళకి ఇంత తిను. కడుపు ఖాళీగా ఉంటే లేనిపోనివన్నీ కనిపిస్తాయి. ఆ ఊళ్ళో సముద్రం ఉందట కదా, ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి దాన్ని చూడు.

మీ అమ్మమ్మ గొప్పలు భరించలేకపోతున్నాం తల్లీ. "మా మనవరాలు లోపలికంటా చూసే డాక్టరు" అని చర్చిలో ఒకటే చాటింపు. సుబ్బాయమ్మ గారైతే మోకాలి ఎక్స్‌రే పట్టుకుని ఇంటికే వచ్చేసింది, నీకు పంపమని. ఇంకా నయం, మోకాలే పంపమనలేదు.

అసలు విషయానికొస్తాను. మీ అమ్మ ఛాతీ ఫిల్ము నీతో చదివించాలని మా అమ్మ పట్టుబట్టింది. ఇన్నేళ్ళలో అది తగిలించి ఉన్న కిటికీ దాటి దాన్ని ఎక్కడికీ పంపింది లేదు. అప్పటికి నువ్వు చిన్నదానివి, నీకెంత గుర్తుందో. ఆ వరదల ఏడాది గోదావరి అవతలి టీబీ ఆసుపత్రిలో అక్క పోయింది. రోడ్లు తెగిపోయాయి, శవాన్ని తెచ్చే దారి లేక నాన్న అక్కడే పూడ్చి, ఈ ఫిల్మొకటి చంకలో పెట్టుకుని పడవలు మారి వచ్చారు. అక్క పెళ్ళిఫోటో ఉన్న ట్రంకుపెట్టె కూడా ఆ నీళ్ళలోనే పోయింది. అక్కకి ఇక్కడ సమాధి లేదు కాబట్టి, ఈస్టరు తెల్లవారుజామున అందరూ తమవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, అమ్మ ఈ ఫిల్మును తూర్పుకి ఎత్తిపట్టుకుంటుంది. సూర్యుడు దాని వెనకాల వచ్చేదాకా చెయ్యి దించదు.

ఆ కుడి భుజం కింద తెల్లమచ్చ ఉంది చూడు, అది ఎంత బాధపెట్టిందో, ఆఖర్న ఊపిరాడిందో లేదో నువ్వు చూసి చెప్పాలట. "నేను పోయాక దీన్ని నా పెట్టెలో పెట్టండి, నా గుండెల మీద. నా పిల్లని నేను దాచుకోవాలి" అని మళ్ళీ చెప్పింది. ఎప్పుడూ చెప్పే మాటే అయినా ఈసారి నా చేత ప్రమాణం చేయించుకుంది.

బాబాయి చేపల లోడుతో అటే వస్తున్నారు, ఆయనతో పంపిస్తున్నాను. పాత చీరముక్కలో చుట్టింది, చీరముక్క పారెయ్యకు. నీకు నెమ్మదిగా ఉన్నప్పుడే చూడు.

ప్రసన్నకుమారి

*

విశాఖపట్నం,
3 అక్టోబరు 2005.

పిన్నికి వందనాలు.

ఆలస్యానికి క్షమించండి. బాబాయి ఇచ్చి వెళ్ళాక ఆ చీరముక్క విప్పడానికే నాకు ధైర్యం రాలేదు. నాకు అమ్మంటే ఆ ఫిల్మే కదా పిన్నీ. మొహం ఎంత గుర్తు చేసుకున్నా రాదు. ఆసుపత్రి వరండాలో తాతయ్య నన్నెత్తుకుని దూరం నుంచి ఎవరినో చూపించడం, "దగ్గరికెళ్ళకూడదు, అంటుకుంటుంది" అనడం, అంతే గుర్తు. ఆ తర్వాత అమ్మ కిటికీలోనే ఉంది. పరీక్షకి వెళ్ళేముందు దానికి చెయ్యి ఆనించి వెళ్ళేదాన్ని.

మొన్న అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు దాన్ని వెలుగుపెట్టె మీద తగిలించాను. మచ్చ తప్ప ఇంకేమీ కనపడలేదు. కళ్ళనిండా అదే. అప్పుడు సార్ చెప్పినట్టు అట్టముక్కతో మచ్చని మూసి, ఎవరీ మనిషి అని నన్ను నేను అడిగాను.

పిన్నీ, ఎలా రాయాలో తెలియడం లేదు. పక్కటెముకలు ముందుకొచ్చి మెత్తబడేచోట వయసుతోపాటు సున్నం పేరుకుంటుంది. ఆడవాళ్ళకి మధ్యలో పేరుకుంటుంది, మగవాళ్ళకి అంచుల వెంబడి. ఈ ఫిల్ములో బాగా పేరుకుంది. అంచుల వెంబడే. అమ్మ ఇరవయ్యేడేళ్ళకే పోయింది కదా? ఇతనికి యాభై దాటాయి. ఇతను, మగమనిషి. మన కిటికీలో ఉన్నది అమ్మ కాదు.

తాతయ్యకి ఈ ఫిల్ము ఎవరిచ్చారు, ఎలా ఇచ్చారు? గుర్తున్నంతవరకు రాయండి.

జ్యోత్స్న

*

మండవల్లి,
12 అక్టోబరు 2005.

జ్యోత్స్నా,

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా? నాలుగు నెలలు చదివావో లేదో, కన్నతల్లిని కాదనేదాకా వచ్చావా? మా అక్క ఆఖర్న ఎముకల గూడైపోయింది. ఇంకా ఆడతనం ఏం మిగిలి ఉంటుంది, నీ మొహం! సున్నమట, అంచులట. అక్కడ నీకు నేర్పేది ఇదేనా?

ఆ ఫిల్ము ఎవరో దారినపోయేవాడు ఇచ్చింది కాదు. నాన్న నాకు ఎన్నోసార్లు చెప్పారు. ఆసుపత్రిలోకి నీళ్ళొచ్చేస్తే వస్తువులన్నీ మేడమీదకి చేర్చారట. తడి ఫిల్ములు తాడుమీద బట్టల్లాగా ఆరేసి ఉన్నాయట. నాన్న వెళ్ళి "మా రత్నకుమారిది ఒకటి ఇప్పించండి బాబూ, ఇంటికి తీసుకెళ్ళడానికి ఇంకేమీ లేదు" అంటే, అక్కడున్నాయన జాలిపడి ఒకటి తీసి ఇచ్చాడు. నాన్నకి చదువు రాదు. అయినా దానిమీద పేరెక్కడుంది, మూలన సీసం అంకెల అచ్చొకటే కదా. ఆయన చూసే ఇచ్చి ఉంటాడు.

రాస్తుంటే నాకే ఏదోలా ఉంది. ఇక్కడితో ఆపుతాను. ఈ మాట ఇంకెవరి దగ్గరా అనకు. అమ్మ "నా మనవరాలు ఏం రాసింది" అని అడిగితే, బాధేమీ పడలేదని రాసిందని చెప్పాను. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

పిన్ని

*

విశాఖపట్నం,
18 డిసెంబరు 2005.

పిన్నికి వందనాలు.

మీరు తిట్టాక, నాదే పొరపాటు కావాలని ప్రార్థన చేశాను. శేషగిరిరావు గారికి ఏమీ చెప్పకుండా ఫిల్ము చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి, "మగమనిషి. అరవైకి దగ్గర. పాత టీబీ. బాగా దగ్గి ఉంటాడు పాపం. ఎవరమ్మా, మీ తాతగారా?" అన్నారు. అవునన్నాను. ఇంకేమనను?

అప్పట్నుంచి నా మనసు నా దగ్గర లేదు. అమ్మ ఫిల్ము ఏమైనట్టు? ఈ ముసలాయన ఇంటివాళ్ళకి దాన్ని ఇచ్చి ఉంటారా? ఏ ఊళ్ళోనో ఏ కిటికీలోనో అమ్మని పెట్టుకుని "నాన్నా" అంటున్నారేమో. ఇంకో భయం దీనికంటే పెద్దది. చావుకి ముందే ఈ ఫిల్ములు తారుమారై ఉంటే? ఈ మచ్చ చూసే అమ్మకి టీబీ అన్నారేమో, ఆ మచ్చ అమ్మది కానే కాదేమో. మరి నన్ను దేనికి దూరంగా ఉంచినట్టు? ఒక్కసారైనా దగ్గరికి తీసుకోనిచ్చేవారు కదా పిన్నీ!

మా డిపార్టుమెంటు వెనకగదిలో పాత ఫిల్ములు గుట్టలుగా ఉన్నాయి. తీరిక దొరికితే అక్కడికే పోతున్నాను. ఆడవాళ్ళవి, చిన్న వయసువి ఏరి వెలుగుకి పెట్టి చూస్తున్నాను. అమ్మ ఈ ఆసుపత్రికి రానేలేదని తెలుసు. తెలిసీ చూస్తున్నాను. ఒక్కో ఫిల్ము పైకెత్తినప్పుడల్లా నా నోరు "అమ్మా" అంటోంది. నాతో చదివే హిమబిందు విని, జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది. నీ ఛాతీ ఫిల్మొకటి తీయించుకోవే, చిక్కిపోయావు అంది. కాలేజీలో చేరినప్పటినుంచి ఏదో సాకు చెప్పి దాన్ని తప్పించుకుంటూనే ఉన్నాను. అమ్మకి వచ్చింది నాలో ఉంటే చూడలేను.

క్రిస్మసుకి రాలేను. డ్యూటీ వేశారు. వేయకపోయినా ఆ ఖాళీ కిటికీ ముందు అమ్మమ్మకి ఏమని చెప్పను?

జ్యోత్స్న

*

మండవల్లి,
26 ఫిబ్రవరి 2006.

నా తల్లి జ్యోత్స్నకి,

ఇన్నాళ్ళూ రాయనందుకు కోపం పెట్టుకోకు. నీ ఉత్తరం చదివాక నాన్న చెప్పిన మాటలన్నీ మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. తాడుమీద ఆరేసిన తడి ఫిల్ములు, ఇవ్వాల్సిందేనని ఏడుస్తున్న తండ్రి, ఏదో ఒకటి ఇచ్చి పంపేద్దామనుకున్న మనిషి. నువ్వు చెప్పిందే నిజం. నిన్ను అనరాని మాటలన్నాను.

మీ అమ్మ నిన్ను దగ్గరికి తీసుకోనందుకు ఎంత ఏడ్చేదో నేను కళ్ళారా చూశాను. జబ్బు ఏదైతేనేం తల్లీ, ఆ ఏడుపు మాత్రం దానిదే.

ఇక్కడ పరిస్థితులు బాగాలేవు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేస్తున్నారు. బాబాయి వ్యాపారానికి ముందుంది ముసళ్ళ పండగ. అమ్మకి కాళ్ళు వాచాయి, పడుకుంటే ఆయాసం. ఏలూరు తీసుకెళ్తే గుండె అలసిపోయింది, ఈ వేసవి దాటితే గొప్పే అన్నారు. ఆవిడకి అదేమీ పట్టలేదు. "నా పిల్లేదీ, ఇంకా చదవడం అవలేదా?" అని రోజూ ఒకటే పోరు. ఏప్రిల్ పదహారున ఈస్టరు. అప్పటికి ఫిల్ము రాకపోతే ఆవిడ ఉండదు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. మనం ఒక్క అబద్ధమాడి ఒక ముసలిదాన్ని సాగనంపలేమా, ఆ పాతదే పంపెయ్యి అని రాద్దామని కూర్చున్నాను. కానీ చెయ్యి ఆడటం లేదే. ముక్కూ మొహం తెలియని మగవాణ్ణి మా అమ్మ గుండెల మీద పెట్టి ఎలా పూడ్చిపెట్టను? నిజం చెబితే ఆ క్షణమే ప్రాణం పోతుంది, రెండోసారి కూతురు పోయినట్టు. నాకు దిక్కు తోచడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

పిన్ని

*

విశాఖపట్నం,
2 ఏప్రిల్ 2006.

పిన్నికి వందనాలు.

అమ్మది దొరికింది.

ఎలాగని అడగకండి, తర్వాత చెబుతాను. ఇది జబ్బు ముదరకముందు మొట్టమొదట తీసింది, అందుకని ఇందులో మచ్చ ఉండకపోవచ్చు. అమ్మమ్మ అడిగితే మీకు తోచింది చెప్పండి. పాత చీరముక్కలోనే చుట్టి బాబాయితో పంపుతున్నాను. పెట్టెలో పెట్టాల్సింది దీన్నే. ఆ పాతది నా దగ్గర ఉంది.

ఈస్టరుకి సెలవు దొరకలేదు. అమ్మమ్మ చెయ్యి నొప్పెడితే మీరు పట్టుకోండి.

జ్యోత్స్న

*

మండవల్లి,
29 ఏప్రిల్ 2006.

జ్యోత్స్నకి,

అమ్మ భూస్థాపన రోజున నువ్వు నాతో రెండు ముక్కలైనా మాట్లాడకుండా సాయంత్రం బండికే వెళ్ళిపోయావు. పెట్టె మూసేముందు ఆఖరిసారి చూడమంటే, దగ్గరికొచ్చి చూసి తూలిపడబోయావు. బాబాయి పట్టుకోకపోతే పడిపోయేదానివే. ఫిల్మును అమ్మ చేతులకింద నేనేమైనా తప్పుగా పెట్టానా? నామీద కోపమా? చిన్నప్పట్నుంచి నిన్ను కళ్ళలో పెట్టుకుని పెంచాను. కోపముంటే అడుగు, కడిగెయ్యి, అంతేగాని మూతి ముడుచుకుని పోకు.

ఆ హడావుడిలో నీకు చెప్పనేలేదు, ఈస్టరు సంగతి. కుర్చీలో కూర్చోబెట్టి బాబాయీ నేనూ సమాధుల తోటకి మోసుకెళ్ళాం. చర్చి అయ్యగారు వాక్యం చదువుతున్నారు. అమ్మ ఫిల్మును పైకెత్తింది, మోచేతుల కింద నేను పట్టుకున్నాను. తూర్పున ఎర్రబడి, సూర్యుడు సరిగ్గా ఫిల్ము వెనక్కి వచ్చాడు. వేరే ఫిల్మని నేను చెప్పలేదు. అమ్మ చాలాసేపు చూసింది. కుడి భుజం కిందనే చూసింది. ఆ తర్వాత ఇంత గట్టిగా ఒక కేక పెట్టింది, అందరూ తిరిగి చూశారు. "ప్రసన్నా, మచ్చ లేదే! పోయిందే! నా పిల్లకి నయమైపోయిందే!" అని. నవ్వుతోంది, కళ్ళవెంట ధారలు. "ప్రభువు లేచిన రోజున నా పిల్లని బాగుచేశాడు, ఇంక దగ్గదు, ఇంక దగ్గదు" అని చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చూపించింది. అయ్యగారు సైతం చదవడం ఆపి ఏడ్చారు.

నేనూ బాగా చూశానే. మచ్చ మాట అలా ఉంచు, ఆ భుజాలు! కిందకి జారినట్టుండే ఆ భుజాలు అచ్చంగా మా అక్కవే. అంతకుముందు ఆ ముసలాయనది ఇన్నేళ్ళు చూస్తూ ఎలా పోల్చుకోలేకపోయానా అని సిగ్గేసింది. ఆ గురువారం అమ్మ నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయాసం లేదు, పిలుపు లేదు.

నీ దగ్గరున్న ఆ పాతది ఇంక దేనికి? ఎవరి ప్రాణమో ఏమో, దగ్గర పెట్టుకోకు. తెచ్చెయ్యి, ప్రార్థన చేసి కొల్లేట్లో కలిపేద్దాం.

పిన్ని

*

విశాఖపట్నం,
6 మే 2006.

పిన్నికి,

మీ మీద నాకు కోపమేమిటి? పెట్టె దగ్గర నేను తూలింది అమ్మమ్మని చూసి కాదు. ఆవిడ చేతులకింద ఉన్నది నేను. అది నా ఫిల్ము పిన్నీ.

అమ్మది దొరకలేదు. ఎక్కడా దొరకదు. మీ ఉత్తరం వచ్చాక నాకు ఇంకో దారి తోచలేదు. పాండురంగారావు గారిని బతిమాలి, పేరూ అంకే లేకుండా తీయించుకున్నాను. నాకిప్పుడు ఇంచుమించు అమ్మ వయసే. ఆవిడ కడుపున పుట్టినదాన్ని, ఆ మాత్రం నాకు హక్కుందనుకున్నాను. అమ్మమ్మ తెల్లచీర మీద నా పక్కటెముకలు లీలగా కనిపించాయి. అందరూ పాట పాడుతున్నారు. మేకులు కొడుతుంటే ఒక్కో దెబ్బకి నాకు ఊపిరి అందలేదు. ఇప్పటికీ పడుకుంటే ఛాతీ మీద మట్టి ఉన్నట్టే ఉంటుంది. అయినా తవ్వించకండి. బతికున్న పిల్లని పాతిపెట్టామని బెంబేలెత్తి అయ్యగారి దగ్గరికి పరిగెత్తకండి. అమ్మమ్మ దగ్గరే ఉండనివ్వండి.

మీరు అక్క భుజాలని గుర్తుపట్టారు చూడండి, ఆ ముక్క దగ్గర ఆగిపోయి ఎంతసేపు ఏడ్చానో. అమ్మ పోలికలు నాలో ఉన్నాయని ఇన్నేళ్ళలో ఎవరూ నాతో అనలేదు.

ఆ ఫిల్మును నేను చదవలేదు. తడి ఆరగానే కళ్ళు మూసుకుని చుట్టేశాను. మచ్చ ఉండకపోవచ్చని మీకు రాసింది ధైర్యం చేసి, తెలిసి కాదు. ఉంటే ఉందనే అనుకున్నాను, అమ్మమ్మకి అలవాటైన మచ్చే కదా. మీ ఉత్తరం చూశాకే లేదని తెలిసింది. ఆ రోజంతా నేను ఊరికే గాలి పీల్చుకుంటూ తిరిగాను.

ఆ పాతదాన్ని మాత్రం తేలేను పిన్నీ, తిట్టినా సరే. నా గది కిటికీకి తగిలించుకున్నాను. అతను మగమనిషని తేల్చింది నేనే, సాక్ష్యంతో సహా. పొద్దున వెలుగు పడగానే ఆయన దగ్గుతున్నట్టే ఉంటుంది. లేచి వెళ్ళి నిలబడతాను. ఆ పెద్దాయన్ని ఏమని పిలవాలో తెలియక, ఇప్పటికీ అమ్మా అనే అంటున్నాను.

మీ జ్యోత్స్న